గిలక ఆపరేషన్ తర్వాత మళ్ళీ సైకిల్ ఎక్కేదెప్పుడు?

గిలక (హెర్నియా) ఆపరేషన్ చేయించుకుని డిశ్చార్జి కాగితం చేతికి తీసుకునేటప్పుడు రోగులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. ఒకటి, "ఏమి పథ్యం చేయాలి?" రెండు, "మళ్ళీ సైకిల్ ఎప్పుడు తొక్కవచ్చు?" రెండవ ప్రశ్న చిన్నదిగా కనిపించినా, అడిగేవారికి అది చిన్నది కాదు. పాలు పోసేవారికి, కూరగాయలు అమ్మేవారికి, పేపరు వేసేవారికి, పొలానికి వెళ్ళేవారికి సైకిలే జీవనాధారం. అది గోడకు ఆనించి ఉన్నన్ని రోజులు ఇంట్లో రాబడి ఉండదు.

ఈ విషయంలో రెండు రకాల పొరపాట్లు జరగడం మేము చూస్తున్నాము. కొందరు పెద్దల మాట విని మూడు నెలలు మంచం దిగరు. దానివల్ల కండలు కరిగిపోతాయి, మలబద్ధకం వస్తుంది, అప్పు పెరుగుతుంది. మరికొందరు కుట్లు విప్పిన మరునాడే క్యారియర్ మీద బస్తా వేసుకుని బయలుదేరుతారు. ఈ రెండూ తప్పే. సరైన దారి ఈ రెండింటి మధ్య ఉంది. అది ఎందుకు సరైనదో అర్థమైతే పాటించడం తేలిక.

గిలక అంటే ఏమిటి?

మన పొట్ట ముందు భాగం కండరాలతో, గట్టి పొరలతో కట్టిన గోడ వంటిది. ఆ గోడలో ఎక్కడైనా బలహీనమైన చోటు ఉంటే లోపలి కొవ్వు గాని, పేగు గాని అందులోనుండి బయటకు తోసుకు వస్తుంది. దానినే గిలక అంటాము. ఇది ఎక్కువగా గజ్జల్లో వస్తుంది. మగపిల్లవాడు తల్లి గర్భంలో ఉండగా వృషణాలు పొట్టలోనుండి కిందికి దిగుతాయి. అవి దిగిన దారి గజ్జల్లో ఒక బలహీనమైన చోటుగా మిగిలిపోతుంది. అందుకే ఇది ఆడవారికంటే మగవారిలో చాలా ఎక్కువ. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం ప్రతి నలుగురు మగవారిలో సుమారు ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు గజ్జల గిలకకు ఆపరేషన్ అవసరమవుతుంది. కాబట్టి ఇది సిగ్గుపడవలసిన జబ్బు కాదు.

చాలామంది గిలకను, వరిబీజాన్ని (బుడ్డను) ఒకటే అనుకుంటారు. వరిబీజంలో వృషణం చుట్టూ నీరు చేరుతుంది. గిలకలో పేగు దిగుతుంది. దగ్గినప్పుడు ఉబ్బి, పడుకుంటే లోపలికి వెళ్ళిపోయే వాపు సాధారణంగా గిలకే. ఏది ఏమిటో డాక్టరు పరీక్ష చేసి చెప్పాలి.

సైకిల్ తొక్కడం వల్లనే గిలక వచ్చిందని కొందరు బాధపడతారు. సైకిల్ తొక్కడం ఒక్కటే దీనికి కారణం కాదు. గోడలో బలహీనత ముందే ఉంటుంది. దీర్ఘకాలపు దగ్గు, మలవిసర్జనలో ముక్కడం, మూత్రం సరిగా రాక ఒత్తిడి చేయడం, పెద్ద బరువులు ఎత్తడం వంటివి దానిని బయటపెడతాయి.

"మూడు నెలల విశ్రాంతి" ఎక్కడనుండి వచ్చింది?

ఇటలీకి చెందిన సర్జన్ ఎడ్వర్డో బస్సీని 1887లో గజ్జల గిలకకు ఒక ఆపరేషన్ పద్ధతిని ప్రచురించారు. అందులో పక్కనున్న కండరాలను దగ్గరకు లాగి గట్టిగా కుట్టేవారు. సుమారు వంద సంవత్సరాలు ప్రపంచమంతటా ఎక్కువగా ఈ పద్ధతి, దీనిలో కొద్ది మార్పులు చేసిన పద్ధతులే నడిచాయి. బిగుతైన చొక్కా గుండీ మీద ఒత్తిడి పడినట్టు ఆ కుట్ల మీద ఎప్పుడూ లాగుడు ఉండేది. అందుకే కండరం అతుక్కునేవరకు నెలల తరబడి ఏ పనీ చేయవద్దని చెప్పేవారు. మన తాతల కాలంలో ఆ సలహాకు అర్థం ఉంది.

1989లో లాస్ ఏంజిల్స్‌కు చెందిన సర్జన్ ఇర్వింగ్ లిక్టెన్‌స్టైన్, ఆయన సహచరులు మరొక పద్ధతిని ప్రచురించారు. కండరాలను లాగి కుట్టకుండా, బలహీనమైన చోట వల వంటి ఒక గుడ్డను (మెష్‌ను) పరచి అంచులు కుట్టడమే ఆ పద్ధతి. ఇప్పుడు పెద్దవారిలో గజ్జల గిలకకు ఎక్కువగా చేసేది మెష్ ఆపరేషనే. కోత పెట్టి గాని, చిన్న రంధ్రాల ద్వారా (ల్యాప్రోస్కోపీ) గాని దీనిని చేస్తారు. చిరిగిన పంచెను రెండు వైపులా లాగి కుడితే మళ్ళీ చిరుగుతుంది. మాసిక వేసి కుడితే నిలుస్తుంది. ఇదీ అంతే.

మెష్ చూడడానికి దోమతెర ముక్కలాగానే ఉంటుంది. నిజానికి మహారాష్ట్రలోని దొండాయిచా పట్టణానికి చెందిన డాక్టర్ రవీంద్రనాథ్ టోంగావ్‌కర్ దోమతెర గుడ్డనే శుద్ధి చేసి పేద రోగుల ఆపరేషన్లలో వాడి, ఆ అనుభవాన్ని 2003లో ప్రచురించారు. ఉగాండాలో అటువంటి చవక మెష్‌ను ఖరీదైన మెష్‌తో పోల్చి చేసిన పరిశోధన 2016లో వెలువడింది. ఒక సంవత్సరం తర్వాత చూస్తే రెండింటి ఫలితాల్లో చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

మనకు ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటుంది. మెష్ వేసిన మొదటి రోజునుండే ఆ చోటును కాపు కాస్తుంది. తర్వాతి వారాల్లో మన సొంత కణజాలం ఆ వల కన్నాల్లోకి పెరిగి దానిని ఇంకా గట్టిపరుస్తుంది. నడిచినందువల్ల, కూర్చున్నందువల్ల, మెట్లు ఎక్కినందువల్ల అది ఊడిపోదు. 2018లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా, శరీరానికి సౌకర్యంగా అనిపించిన వెంటనే మామూలు పనులు మొదలుపెట్టవచ్చని చెబుతున్నాయి.

సైకిల్ కంటే దగ్గు చెడ్డది

పొట్ట గోడ మీద లోపలినుండి పడే ఒత్తిడి అన్ని పనుల్లో ఒకేలా ఉండదు. 2005లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో 20 మంది ఆరోగ్యవంతుల పొట్టలోని ఒత్తిడిని కొలిచారు. అన్నిటికంటే ఎక్కువ ఒత్తిడి పుట్టింది దగ్గినప్పుడు, ఎగిరి దూకినప్పుడు. మోకాళ్ళు వంచి కూర్చోవడం, చిన్న బరువులు ఎత్తడం వంటి పనుల్లో ఒత్తిడి అంత పెరగలేదు.

దీనినిబట్టి ఒక మాట చెప్పవచ్చు. చదునైన రోడ్డు మీద ఖాళీ సైకిల్‌ను నిదానంగా తొక్కడం గాయానికి శత్రువు కాదు. బీడీ తాగి రాత్రంతా దగ్గడం, దొడ్డికి వెళ్ళి ముక్కడం, బస్తాతో నిండిన సైకిల్‌కు స్టాండు వేయడం, ఇవి శత్రువులు. సైకిల్ మానేసి బీడీ మానకపోతే ప్రయోజనం లేదు.

మొదటి వారం

ఆపరేషన్ రోజు సాయంత్రానికే మిమ్మల్ని లేపి నడిపిస్తాము. చాలామంది బంధువులు దీనికి భయపడతారు. భయం అక్కరలేదు. నడిస్తే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది, గాలి పోతుంది, ఆకలి వేస్తుంది. మంచం దిగేటప్పుడు ఒక్కసారి నడుము ఎత్తకుండా, పక్కకు ఒత్తిగిలి, చేతుల మీద ఆనుకుని లేవండి. దగ్గు గాని తుమ్ము గాని వస్తే అరచేతితో, లేదా మడిచిన తువాలుతో గాయం మీద అదిమి పట్టుకోండి.

మొదటి మూడు రోజులు నొప్పి ఎక్కువగా ఉంటుంది. డాక్టరు రాసిన మాత్రలు వేళకు వేసుకోండి. నొప్పి ఓర్చుకోవడం గొప్ప కాదు. నొప్పి తగ్గితేనే నడవగలరు. ఇంట్లో రోజుకు మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు నడవండి. రెండు రోజుల తర్వాత సాధారణంగా స్నానం చేయవచ్చు. గాయాన్ని మెత్తగా తుడిచి ఆరనివ్వండి. చెరువులో, కాలువలో మునగడం మాత్రం గాయం పూర్తిగా మానేవరకు వద్దు. కరగని కుట్లయితే 7 నుండి 10 రోజుల్లో తీస్తాము.

సైకిల్ ఎక్కేముందు ఐదు పరీక్షలు

ఇన్ని రోజులని కేలండరు చూసి సైకిల్ ఎక్కవద్దు. ఈ ఐదు పరీక్షలు మీకు మీరే చేసుకోండి.

1. గాయం పూర్తిగా పొడిగా ఉండాలి. కుట్లు తీసి ఉండాలి, లేదా కరిగి ఉండాలి.
2. పగటిపూట నొప్పి మాత్ర లేకుండా అరగంట చురుకుగా నడవగలగాలి.
3. నేల మీద కూర్చుని, ఎవరి చేయీ పట్టుకోకుండా లేవగలగాలి.
4. సైకిల్ కడ్డీ ఎత్తుకు కాలు పైకెత్తి తిప్పగలగాలి. గజ్జల్లో పోటు రాకూడదు.
5. నిలబడి పాదాన్ని నేలకు గట్టిగా తాటించగలగాలి. కుక్క గాని, పిల్లవాడు గాని అడ్డం వస్తే బ్రేకు వేసి కాలు ఆనించవలసింది ఇలాగే కదా! అప్పుడు నొప్పికి జంకితే ప్రమాదం మీకే కాదు, ఎదుటివారికి కూడా.

ల్యాప్రోస్కోపీ చేయించుకున్నవారు ఎక్కువమంది ఒకటి రెండు వారాల్లో, కోత ఆపరేషన్ అయినవారు రెండు మూడు వారాల్లో ఈ పరీక్షలు నెగ్గుతారు. రెండు వైపులా ఆపరేషన్ అయినవారికి, వయసు మీరినవారికి, మధుమేహం ఉన్నవారికి కొంత ఆలస్యం కావచ్చు. మీ పక్కింటివారితో పోల్చుకోవద్దు.

మెట్టు మెట్టుగా

మొదటి మెట్టు: వెనుక చక్రం పైకి లేచేలా స్టాండు వేసే పెద్ద సైకిల్ మీ ఇంట్లో ఉంటే అదే మంచి వ్యాయామ యంత్రం. స్టాండు మరొకరితో వేయించి, హ్యాండిల్ పట్టుకోమని చెప్పి, నిలిచి ఉన్న సైకిల్ మీద పది నిమిషాలు తొక్కి చూడండి. ఆ రాత్రి, మరునాడు ఉదయం నొప్పి పెరగకపోతే ముందుకు వెళ్ళవచ్చు.

రెండవ మెట్టు: వీలైతే అడ్డకడ్డీ లేని లేడీస్ సైకిల్ తీసుకోండి. కాలు వెనక్కి తిప్పి ఎక్కే పని ఉండదు. సీటు మరీ ఎత్తుగా ఉండకుండా, కూర్చున్నప్పుడు పాదం నేలకు అందేలా దించుకోండి. చదునైన రోడ్డు మీద 10 నుండి 15 నిమిషాలు చాలు. పరుగెత్తి ఎక్కవద్దు. గుంతలున్న దారి వద్దు. వాపు తగ్గేవరకు లోపల బిగుతైన డ్రాయరు వేసుకుంటే వృషణాలకు ఆసరాగా ఉంటుంది.

మూడవ మెట్టు: రెండు మూడు రోజులకు ఒకసారి ఐదు పది నిమిషాలు పెంచండి. వంతెన గాని, మెరక గాని వస్తే లేచి నిలబడి తొక్కకుండా, దిగి నడిపించుకుని వెళ్ళండి. ఎదురుగాలి గట్టిగా ఉన్న రోజు మానండి.

నొప్పి చెప్పే మాట వినండి. తొక్కుతున్నప్పుడు కొద్దిగా లాగినట్టు ఉండి, దిగగానే పోతే పరవాలేదు. పొడిచినట్టు ఉంటే, లేదా మరునాటికి ఎక్కువైతే, రెండు రోజులు ఆగి ఒక మెట్టు కిందికి దిగండి.

బరువు సంగతి వేరు

ఖాళీ సైకిల్‌కు ఇచ్చిన అనుమతి బస్తా వేసిన సైకిల్‌కు వర్తించదు. ఇంట్లో వాడే 14.2 కిలోల గ్యాస్ సిలిండర్ నిండుగా ఉంటే, ఇనుము బరువుతో కలిపి సుమారు 30 కిలోలు ఉంటుంది. 20 లీటర్ల మంచినీళ్ళ డబ్బా 20 కిలోల పైనే. పాల క్యాన్లు రెండు వైపులా తగిలిస్తే బరువు ఇంకా ఎక్కువ. బరువు తొక్కేటప్పటి కంటే, దానిని ఎత్తి తగిలించేటప్పుడు, సైకిల్ పక్కకు ఒరిగితే ఆపేటప్పుడు, స్టాండు వేసేటప్పుడు గజ్జల మీద ఒక్కసారిగా పడుతుంది.

అందుచేత మేము ఇలా చెబుతున్నాము. మొదటి రెండు మూడు వారాలు ఐదు కిలోలకు మించి ఎత్తవద్దు. తర్వాత కొద్దికొద్దిగా పెంచండి. సైకిల్ మీద పెద్ద బరువులు వేసేవారు ఆరు వారాలకు మాకు చూపించుకుని మొదలుపెట్టండి. మొదట సగం బరువుతో రెండు సార్లు తిరగండి. ఎత్తి దించేటప్పుడు మరొకరి సాయం తీసుకోండి. నడుము వంచకుండా మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఊపిరి బిగపట్టకుండా ఎత్తండి. బోరింగు కొట్టడం, స్కూటరు కిక్కు కొట్టడం కూడా బరువు పనులే అని గుర్తుంచుకోండి.

కుటుంబంవారికి ఒక విన్నపం. ఈ ఆరు వారాలు పాలు పోసే పనిలో అన్నదమ్ములు గాని, ఎదిగిన కొడుకు గాని సాయం చేస్తే, ఇంటి పెద్ద తొందరపడి బరువెత్తవలసిన అవసరం రాదు. సంఘంలోని ఇరుగుపొరుగువారు కూడా పండ్లు పట్టుకుని చూడడానికి రావడంతోపాటు, "ఏ పనిలో సాయం కావాలి?" అని అడిగితే ఎంతో మేలు.

పథ్యం

పప్పు తింటే చీము పడుతుందని, వంకాయ, గుడ్డు, పెరుగు తినకూడదని చాలా ఇళ్ళలో అంటారు. ఇది నిజం కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, చేప, పాలు, పెరుగు, వేరుశనగ అన్నీ తినవచ్చు. కారం అన్నం, చారు అన్నంతో నెల గడిపితే గాయం ఆలస్యంగా మానుతుంది.

మలబద్ధకం రాకుండా ఆకుకూరలు, జామ, అరటి, రాగి జావ, జొన్నరొట్టె తీసుకోండి. మంచినీళ్ళు బాగా తాగండి. మాత్రలవల్ల మలం గట్టిపడితే ముక్కవద్దు. మమ్మల్ని అడిగితే తేలికపాటి మందు ఇస్తాము. బీడీ, సిగరెట్, చుట్ట పూర్తిగా మానండి. పొగవల్ల దగ్గు రావడమే కాదు, గాయం మానడం కూడా నెమ్మదిస్తుంది. మూత్రం సన్నగా, ఆగి ఆగి వచ్చే పెద్దవారు ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

ఏది మామూలు, ఏది ప్రమాదం?

కోత కింద తాడులా గట్టిగా తగలడం, చుట్టూ తిమ్మిరి, వృషణాల సంచి నల్లబడి కొద్దిగా వాయడం మామూలే. ఇవి మెల్లగా తగ్గుతాయి. కొందరికి పాత గిలక ఉన్నచోట నీరు చేరి మళ్ళీ ఉబ్బుతుంది. గిలక తిరిగి వచ్చిందని కంగారు పడతారు. ఇది ఎక్కువగా కొన్ని వారాల్లో దానంతట అదే ఇంకిపోతుంది. సూదితో గుచ్చి తీయించుకోవద్దు. మాకు చూపించండి.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా రాత్రి అయినా సరే వెంటనే ఆసుపత్రికి రండి:

• 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, గాయం ఎర్రబడటం, చీము లేదా ఆగని రక్తం
• మూత్రం రాకపోవడం
• పొట్ట ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోవడం
• వృషణంలో విపరీతమైన నొప్పి, పెరుగుతున్న వాపు
• ఒక పిక్క వాచి నొప్పిగా ఉండటం, ఆయాసం, ఛాతీ నొప్పి

మూడు నెలలు దాటినా గజ్జల్లో నొప్పి వదలకపోతే దాచుకోవద్దు. కొద్దిమందికి అలా ఉంటుంది, దానికి చికిత్స ఉంది. ఇంకా ఆపరేషన్ చేయించుకోనివారు ఒకటి గమనించాలి. గిలక లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు వస్తే పేగు ఇరుక్కుందని అనుమానించాలి. అది ప్రాణానికి ప్రమాదం. కట్టు కట్టుకుని గాని, నాటు వైద్యం చేయించుకుని గాని ఆలస్యం చేయవద్దు.

తరచుగా అడిగే ప్రశ్నలు

నేల మీద కూర్చోవచ్చా? మోకరించవచ్చా?
నొప్పి లేకపోతే వారం రోజులకే చేయవచ్చు. ఆదివారం ఆరాధనలో కొన్నాళ్ళు కుర్చీలో కూర్చుంటే తప్పేమీ లేదు.

మోటారు సైకిల్ నడపవచ్చా?
పైన చెప్పిన ఐదు పరీక్షలు దీనికీ వర్తిస్తాయి. మగత కలిగించే మాత్రలు వాడుతున్నంతకాలం నడపవద్దు. బటన్ స్టార్టు ఉన్న బండి మేలు.

దాంపత్య జీవితానికి అడ్డంకా?
కాదు. నొప్పి తగ్గాక, సుమారు రెండు వారాలకు, ఎప్పటిలాగే ఉండవచ్చు. ఆపరేషన్‌వల్ల మగతనం తగ్గుతుందనేది అపోహ.

పిల్లలకు కూడా ఇవే నియమాలా?
చిన్నపిల్లలకు సాధారణంగా మెష్ వేయరు. వారు త్వరగా కోలుకుని రెండో రోజే ఆడతారు. అయినా సైకిల్ కడ్డీ తగిలే ప్రమాదం ఉంది కనుక రెండు మూడు వారాలు సైకిల్ ఇవ్వకండి.

పొట్ట మీద పెద్ద కోత పడిన చోట వచ్చిన గిలకకు కూడా ఇంతేనా?
కాదు. ఈ వ్యాసం గజ్జల గిలక గురించి. పొట్ట మధ్యలో పెద్ద గిలకకు ఆపరేషన్ అయినవారు మీ సర్జన్ చెప్పిన గడువునే పాటించండి.

కుట్లు తీయించుకోవడానికి వచ్చేటప్పుడు మీరు చేసే పని ఏమిటో, సైకిల్ మీద ఎంత బరువు వేస్తారో, రోజుకు ఎంత దూరం వెళ్తారో మాకు వివరంగా చెప్పండి. దానినిబట్టి ఏ వారం ఏమి చేయవచ్చో మీ చీటీ మీదనే రాసి ఇస్తాము.